చెల్లని నోర్డ్‌హాఫెన్

బడిలో ఓటు పెట్టె మూత తీసి తరగతి బల్లల మీద బోర్లించగానే ఓటు కాగితాలు పొరలు పొరలుగా జారి, కిటికీలోంచి పడుతున్న సెప్టెంబరు ఎండలో కుప్పగా పరుచుకున్నాయి. ఆ కేంద్రానికి ఎన్నికల అధికారి గుద్రున్ పావ్‌లిక్ పైనున్న కాగితాన్ని అందుకుని మడత విప్పింది. ఎడమ వరుసలో అభ్యర్థి దెర్యా పేరు ముందు గుర్తు సరిగ్గానే ఉంది. కుడి వరుసలో ఆమె పార్టీ పేరు ముందు గుర్తూ సరిగ్గానే ఉంది. ఆ రెండింటికీ పైన, కాగితం నెత్తిమీద, పెన్సిలుతో ఒత్తి పెద్ద అక్షరాల్లో రాసిన వాళ్ళ పేట పేరు: నోర్డ్‌హాఫెన్.

ఎవరో ఆకతాయి అనుకుని దాన్ని పక్కన పెట్టింది. రెండోది విప్పింది. నోర్డ్‌హాఫెన్. ఈసారి వణికే చేతి రాత. మూడోది శుభ్రంగా ఉంది. నాలుగోదాని మీద బడిపిల్లల గుండ్రటి రాతలో మళ్ళీ అదే పేరు.  పొద్దున్నుంచీ తెర వెనక్కి వెళ్ళినవాళ్ళు ఎందుకంత సేపు తీసుకున్నారో, బయటికొస్తూ వాళ్ళ వీధి మనిషి మాన్ని తన వైపు కన్నుగీటి "ఇవాళ నీకు చదువుకోవడానికి బోలెడుందిలే" అని ఎందుకన్నాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఏంటిది?" అంది పక్కన కూర్చున్న బెయాటె. ఆమె ఆ బడిలోనే గుమాస్తా. లెక్కింపులో గుద్రున్‌కు కుడిభుజం. "మనవాళ్ళకి పిచ్చి పట్టిందా?"

గుద్రున్ తలెత్తి గది వెనక్కి చూసింది. లెక్కింపు నలుగురి కళ్ళముందే జరగాలి, తలుపు మూయకూడదు, వచ్చినవాళ్ళు చూడవచ్చు గాని నోరు మెదపకూడదు. అందుకే పిల్లల బొమ్మలు అంటించిన వెనక గోడ పొడుగునా వీధిలో సగంమంది నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య, ఛాతీ ముందు చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా నిగనిగలాడుతూ, ఆమె అన్న లోతార్.

అన్న ముఖంలోని ఆ వెలుగు చూశాక గుద్రున్‌కు ఇంకెవరినీ అడగవలసిన పని లేకపోయింది.

లోతార్‌కు కాలువ వంతెన దగ్గర ఒక కియోస్క్ ఉంది. పత్రికలు, సిగరెట్లు, చల్లటి బీరు, పిల్లలకు పొట్లం కట్టి ఇచ్చే పుల్లటి మిఠాయిలు అక్కడ దొరుకుతాయి. వాటితో పాటు, ఎవరడిగినా అడక్కపోయినా, నియోజకవర్గ చరిత్ర దొరుకుతుంది. ఇతరులు తమ వంశం చెప్పుకున్నట్టు లోతార్ ఆ నియోజకవర్గం గురించి చెప్పేవాడు. యుద్ధం అయిన తరువాత మొదటిసారి నోర్డ్‌హాఫెన్ నుంచి పార్లమెంటుకు వెళ్ళింది క్రేను నడిపే కొన్‌రాట్ త్సీమా. తమ్ముడి కోటు అరువు తెచ్చుకుని అప్పటి రాజధాని బోన్ నగరానికి రైలెక్కిన త్సీమా, సభలో లేచి, తన ఓటర్లకు ఒంటికి పట్టిన బొగ్గు కడుక్కోవడానికి స్నానాల గదులు లేవని మొదటి మాటగా చెప్పాడు. ఆ తరువాత వెళ్ళిన హెర్తా ల్యూగ్ మంత్రసాని. పేట నడిబొడ్డున రాబోయిన పెద్ద రోడ్డును తన మంకుపట్టుతో పేట అవతలికి తోసింది. ఆ పైన వచ్చినవాళ్ళలో కునుకు తీసినవాళ్ళున్నారు, మాట తప్పినవాళ్ళున్నారు. లోతార్ ఎవరినీ వదలడు, అందరినీ చెబుతాడు. నియోజకవర్గం సంఖ్య మారుతూ వచ్చింది. అంచులు కోసుకుంటూ, అతుక్కుంటూ వచ్చాయి. పేరు మాత్రం మారలేదు.

గని మూతపడింది. ఉక్కు కొలిమి చల్లబడింది. ఇళ్ళు ఖాళీ అయ్యాయి, మళ్ళీ నిండాయి. టర్కీలోని అనతోలియా నుంచి వచ్చినవాళ్ళు ముందు, సిరియాలోని అలెప్పో నుంచి వచ్చినవాళ్ళు తరువాత. వీధులు కిటకిటలాడుతూనే ఉన్నాయి. కానీ నియోజకవర్గాలు గీసేటప్పుడు చట్టం దేశ పౌరుల తలలనే లెక్కిస్తుంది. ఆ లెక్కలో నోర్డ్‌హాఫెన్ ఏటేటా చిక్కిపోయి, ఒక నియోజకవర్గానికి చాలనిదైంది. పోయిన ఎన్నికల తరువాత సరిహద్దు గీత జరిగింది. పేటను నిలువునా చీల్చి, సగాన్ని పక్క ఊరికి కలిపారు. మిగిలిన సగాన్ని కాలువ అవతల తోటలూ మేడలూ ఉన్న దక్షిణానికి అంటగట్టారు. కొత్త నియోజకవర్గం పేరు ఆల్టెన్‌ఫూర్ట్ దక్షిణం.

ఆ వార్త పత్రికలో పడిన రోజు లోతార్ కియోస్క్ తెరవలేదు.

దక్షిణంలో హోల్ట్‌కాంప్ అనే వకీలు నిలబడ్డాడు, మేడలవాళ్ళంతా ఆయన వైపే. ఇటువైపు నుంచి దెర్యా నిలబడింది. నర్సుల సంఘంలో పనిచేసే దెర్యా ఈ వీధిలో పుట్టింది, ఈ గదిలోనే అక్షరాలు దిద్దింది. వేసవంతా వంతెన దాటి వెళ్ళి, మేడల గేట్ల దగ్గర కుక్కల అరుపుల మధ్య నిలబడి, గంట కొట్టి గంట కొట్టి, ఎవరూ ఊహించనన్ని ఓట్లు అటువైపే పోగుచేసుకుంది. పోటీ కత్తి అంచున ఉందని పత్రికలన్నీ రాశాయి. ఇటువైపు పడే ప్రతి ఓటూ ఆమెకు ప్రాణమే.

అటువంటి ఓట్లు ఇప్పుడు గుద్రున్ చేతుల్లో ఉన్నాయి, నెత్తిన పేరు రాసుకుని.

అన్న ఈ ఆలోచన ఎక్కణ్ణుంచి తెచ్చాడో కూడా ఆమెకు తెలుసు. వాళ్ళ నాన్న రేవులో బొగ్గు బండ్లు నింపేవాడు. బండి నిండగానే పక్క పలక మీద సుద్దతో నోర్డ్‌హాఫెన్ అని రాసి పంపడం అక్కడి కూలీల అలవాటు. యజమాని చెప్పిన పని కాదు, కూలి దక్కే పనీ కాదు. ఎక్కడో ఇటలీలోనో బెల్జియంలోనో ఆ బండిని దింపుకునే కూలీకి, దీన్ని నింపింది ఎవరో తెలియాలి, అంతే. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని గుద్రున్ కూడా రాసింది. మొదటి అక్షరం ఎప్పుడూ తిరగేసి రాసేది.

బండి ఊళ్ళు దాటి వెళ్ళేది. ఓటు కాగితం ఎక్కడికీ వెళ్ళదు. ఈ గదిలో లెక్కకెక్కి, ఈ గదిలోనే కట్ట కట్టించుకుని, నేలమాళిగలో పడుకుంటుంది. బెర్లిన్‌లో దాన్ని చదివేవాడు ఒక్కడూ ఉండడు. నలభై ఏళ్ళు ఎన్నికల కథలు చెప్పిన అన్నకు ఈ ఒక్క సంగతి తెలియదని గుద్రున్‌కు ఎన్నడూ తట్టలేదు.

రాతలున్న కాగితాలను వేరుచేసేసరికి అవి ఎత్తుగా ఒక కట్ట అయ్యాయి. 

"ఇవి చెల్లవు" అన్నాడు తిల్‌మాన్. దక్షిణం నుంచి ఎన్నికల కార్యాలయం పంపిన విద్యార్థి అతడు. పొద్దున్నుంచీ మర్యాదగానే మసలుకున్నాడు. "కాగితం మీద అదనంగా ఏం రాసినా ఓటు చెల్లదని చట్టంలో ఉందండీ. నేను కావాలని అనట్లేదు."

"ఎవరికి వేశారో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది కదయ్యా" అంది బెయాటె. "గుర్తు పెట్టారా లేదా? బూతులేమైనా రాశారా? సొంత పేట పేరు రాసుకున్నారు."

"పేట పేరైనా, దేవుడి పేరైనా అంతేనండీ."

"మీ వైపు దేవుడి పేరు రాయాల్సిన అవసరం రాదులే. అన్నీ ఇచ్చేశాడుగా."

వెనక గోడ దగ్గర ఎవరో నవ్వారు. తిల్‌మాన్ చెవులు ఎర్రబడ్డాయి. అనుమానం ఉన్న ప్రతి కాగితానికీ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చేతులెత్తి తీర్పు చెప్పాలి. సరిసమానంగా చీలితే అధికారి మాటే తీర్పు. గుద్రున్ మొదటి కాగితాన్ని అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది. చెల్లుతుందని బెయాటె వైపు కొన్ని చేతులు లేచాయి. చెల్లదని తిల్‌మాన్ వైపు అన్నే చేతులు లేచాయి.

అందరూ ఆమె వైపు చూశారు.

చెల్లుతుంది అనడానికి నోటికి ఎంతో శ్రమ లేదు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చి కూర్చుంది కూడా. ఆ ఒక్క మాటతో దెర్యా ఓట్లు దెర్యాకు చేరతాయి, అన్న ముఖం వెలుగుతూనే ఉంటుంది, వీధిలో రేపు తను తలెత్తుకు తిరగవచ్చు. కానీ పోయినసారి ఇదే బల్ల దగ్గర, ఎవరో ఒక అభ్యర్థి పేరు పక్కన చిన్న పువ్వు గీసిన కాగితాన్ని ఆమే చెల్లదంది. అంతకుముందు ఒకడు విదేశీయులు పోవాలని రాస్తే దాన్నీ చెల్లదంది. ఆ రోజు బెయాటె చప్పట్లు కొట్టినంత పని చేసింది. పువ్వుకు లేని దయ, పగకు లేని దయ, ఈ పేరుకు ఎలా వస్తుంది? నావాళ్ళు రాశారు గనుక చెల్లుతుందని ఇక్కడ అంటే, కాలువ అవతల బడిలో తనలాంటి ఇంకొకతె తనవాళ్ళ రాతలకు ఏమనాలి?

ఆ ఆలోచన ఆమెకు శాంతినివ్వలేదు. ఒళ్ళు మండింది. గీత గీసిన పెద్దల మీద మండింది; దయ చూపితే తప్పు, చూపకపోతే ద్రోహం అనే ఈ కుర్చీలో తనను కూర్చోబెట్టిన అన్న మీద అంతకు రెట్టింపు మండింది.

"చెల్లదు" అంది.

కాగితం వెనక ఆ మాట రాసి సంతకం పెట్టింది. రెండోది ఎత్తింది. చేతులు చీలాయి. "చెల్లదు." మూడోది. "చెల్లదు." గదిలో ఆ మాట తప్ప వేరే మాట లేదు, గోడకు మేకు దిగినట్టు, దిగిన చోటే మళ్ళీ దిగినట్టు, చెల్లదు, చెల్లదు, చెల్లదు.

"ఏమే గుద్రూ" అన్నాడు లోతార్ గోడ దగ్గర నుంచి. గొంతులో ఇంకా సగం నవ్వే ఉంది. "ఏం చేస్తున్నావే?"

"చూసేవాళ్ళు మాట్లాడకూడదు."

"మాట్లాడక? మన సొంత మనుషుల ఓట్లవి. దెర్యా ఓట్లు. ఒక్క మాట అంటే సరిపోయేదానికి..."

"ఇంకోసారి నోరు విప్పితే బయటికి పంపిస్తా."

"పంపుతావా? నన్నా? ట్రాము తోలినన్నాళ్ళూ టిక్కెట్టు లేనివాణ్ణి ఒక్కణ్ణీ దింపలేదని గొప్పలు చెప్పేదానివే, ఇవాళ మొత్తం పేటనే దించేస్తున్నావు. పక్కన వాడు కూర్చున్నాడనా? మేడలవాళ్ళ ముందు మంచిదానివి అనిపించుకోవాలనా?"

గుద్రున్ లేచి నిలబడింది. ఇంట్లో పిలిచే పేరుతో కాక, జాబితాలో చదివినట్టు పిలిచింది.

"లోతార్ పావ్‌లిక్. బయటికి వెళ్ళండి."

ఆ మర్యాద అతనికి చెంపదెబ్బలా తగిలింది. పక్కవాళ్ళ ముఖాలు చూశాడు. ఎవరూ కదలలేదు. మాన్ని టోపీ తీసి, దాని లోపల ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. లోతార్ వెళ్ళిపోయాడు. అతని అడుగులు నడవాలో చాలాసేపు వినిపించాయి.

కట్ట మధ్యలో ఒక కాగితం దగ్గర గుద్రున్ చెయ్యి ఆగింది. మొదటి అక్షరం కాలు కొక్కెంలా లోపలికి వంపు తిరిగి ఉంది. నాన్న అలాగే రాసేవాడు. నాన్న దగ్గర నేర్చుకున్న ఇంకొకడు కూడా అలాగే రాస్తాడు. ఏ ఓటు ఎవరిదో ఆమెకు తెలియకూడదు. తెలిసింది. తెలియనట్టే దాన్ని ఎత్తి పట్టుకుంది. చేతులు చీలాయి.

"చెల్లదు" అంది, మిగతావాటికి అన్నట్టే.

*

వీధి దీపాలు వెలిగే వేళకు ఫలితం వచ్చేసింది. హోల్ట్‌కాంప్ గెలిచాడు. తేడా ఎంతో విన్నవాళ్ళెవరూ పైకి లెక్కవేయలేదు. ఆ తరగతి గదిలో ఎత్తుగా పేరుకున్న కట్టను చూసినవాళ్ళకు, తేడా అంతకన్నా తక్కువేనని తెలియడానికి లెక్క అక్కర్లేకపోయింది.

గుద్రున్ పెట్టెలకు సీలు వేయించి, తాళాలు అప్పగించి వచ్చేసరికి కియోస్క్ ముందు పది పదిహేను మంది గుమికూడి ఉన్నారు. గెలుపు కోసం బెయాటె పొద్దున్నే చేసి తెచ్చిన బంగాళదుంపల సలాడు గిన్నె మూత తీయకుండా అలాగే ఉంది. లోతార్ కిటికీ వెనక నిలబడి ఉన్నాడు. చెల్లెలు వచ్చినా చూడలేదు.

"వచ్చిందమ్మా చట్టం" అన్నాడు సీసాలు సర్దుతూ. "దారివ్వండి, తగిలితే చెల్లరు."

ఒకరిద్దరు నవ్వబోయి ఊరుకున్నారు.

"నన్నెందుకు అడగలేదు అన్నయ్యా?" అంది గుద్రున్. "వీధంతా చెప్పావు. మాన్నికి చెప్పావు. నడవలేని ముసలమ్మల ఇళ్ళకి వెళ్ళి మరీ చెప్పావు. నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నువ్వు వద్దంటావని."

"ఎందుకు వద్దంటానో ఒక్కసారైనా ఆలోచించావా?"

"నీకు రూలు తప్ప ఇంకేం పట్టదు కాబట్టి. నాన్న ఉంటే..."

"నాన్న బండి నింపాక సుద్ద పట్టుకునేవాడు. నువ్వు బండిని కాలవలో దొర్లించి దాని మీద పేరు రాశావు."

 అప్పుడే వంతెన వైపు నుంచి దెర్యా వచ్చింది. పొద్దున్న వేసుకున్న ఎర్ర కోటే ఒంటి మీద ఉంది. ఏడ్చినట్టు లేదు. నేరుగా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"దెర్యా, తల్లీ" అన్నాడు లోతార్, గొంతు ఒక్కసారిగా మెత్తబడి. "అయిపోలేదు. అభ్యంతరం పెడదాం. బల్ల దగ్గర సగంమంది చెల్లుతుందనే చేతులెత్తారు. మా చెల్లి కూడా సంతకం పెడుతుంది."

"పెట్టను" అంది గుద్రున్.

"పెట్టొద్దు పిన్నీ" అంది దెర్యా. "లోతార్ మామా, ఆ మాట ఎవరు రాయమన్నారు?"

"నేనే. మనల్ని తుడిచేశారు, మనం ఉన్నామని తెలియాలని..."

"ఎవరికి?"

"వాళ్ళకి."

"వాళ్ళకి తెలియాలనేగా నన్ను పంపాలనుకున్నది? నోరున్న మనిషిని పంపుతూ కాగితం మీద రాతెందుకు మామా? నేను అక్కడ లేచి నోర్డ్‌హాఫెన్ అని అననా? లేక నా నోటి నుంచి వస్తే అది నోర్డ్‌హాఫెన్ కాదా?"

"ఛ, అదేం మాట. నిన్ను ఎత్తుకు తిప్పిన చేతులివి."

"తిప్పావు. మిఠాయిలు కూడా ఇచ్చావు. త్సీమా కోటు కథ నాకు మా అమ్మ పేరు కన్నా ముందు నేర్పావు. ఒక్కటి చెప్పు. మనకి జనం చాలలేదని గీత జరిపారు కదా. మా అమ్మ నీ కిటికీకి ఎదురింట్లో నలభై ఏళ్ళుగా ఉంది. ఆసుపత్రి అంతా ఊడ్చింది, పన్ను కట్టింది, నీ దగ్గర రోజూ పత్రిక కొంది. ఆమెని లెక్కలో వేయలేదు. ఈ వీధిలో సగంమందిని వేయలేదు. వేసుంటే ఆ గీత ఇక్కడికి వచ్చేదే కాదు. నీ చరిత్రలో ఈ ముక్క ఎప్పుడైనా చెప్పావా?"

లోతార్ సీసాను కిటికీ అంచు మీద పెట్టాడు.  

"చెప్పలేదు" అంది దెర్యా. "పేరు పోయినందుకు కొట్టు కట్టేశావు. మనుషులు లెక్కలోంచి పోయినప్పుడు తెరిచే ఉంచావు. సభలో నా మొదటి మాట అదే అయ్యుండేది. రాసి పెట్టుకోలేదు, అంత బాగా కంఠతా వచ్చు నాకు."

గుద్రున్ తల వంచుకోలేదు గాని, వంచుకోవాలనిపించింది. పొద్దున్న దెర్యా తల్లి నజ్మియే కూతురి చెయ్యి పట్టుకుని బడి గుమ్మం దాకా వచ్చి, గుమ్మం బయటే ఆగిపోయింది. ప్రతి ఎన్నికకూ ఆమె అలాగే ఆగుతుంది. ఆ గుమ్మాన్ని గుద్రున్ అన్నేళ్ళుగా చూస్తూనే ఉంది. ఒక్కసారైనా కోపం రాలేదు. ఇవాళ వచ్చిన ఇంత కోపం అప్పుడెక్కడ ఉందో ఆమెకే తెలియలేదు.

"కాస్త సలాడ్ తిను, పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు" అన్నాడు మాన్ని దెర్యాతో మెల్లగా. అతనికి ఓదార్చడం అంతవరకే తెలుసు.

"హోల్ట్‌కాంప్ చెయ్యి కలపడానికి ఎదురుచూస్తున్నాడు. ఆ చేదు మింగాక ఆకలుంటే వస్తాను."

"మళ్ళీసారి నిలబడతావుగా తల్లీ?" అన్నాడు లోతార్. కిటికీ లోంచి ముందుకు వంగాడు. ఎప్పుడూ కథ చెప్పడానికి వంగేవాడే, ఈసారి అడుక్కోవడానికి వంగినట్టుంది. "నిలబడు. నేను ఇల్లిల్లూ తిరుగుతాను."

"నువ్వు తిరక్కు మామా" అంది దెర్యా. "నువ్వు తిరిగితే ఏమవుతుందో చూశాం. నిలబడితే ముందు ఓటు లేనివాళ్ళ తలుపులే కొడతాను. కాగితాలు పెట్టించి, పౌరసత్వం తెప్పించి, ఆ గుమ్మం దాటిస్తాను. అప్పుడు నోర్డ్‌హాఫెన్ ఉందో లేదో వాళ్ళే లెక్కపెట్టుకుంటారు."

ఆమె కోటు బొత్తాలు పెట్టుకుని వంతెన వైపు తిరిగింది. ఎవరూ ఆపలేదు.

"నువ్వైనా చెప్పవే" అన్నాడు లోతార్ చెల్లెలితో. "మంచికే చేశానని చెప్పు. నా మనసు నీకు తెలుసు కదే గుద్రూ."

"తెలుసు" అంది గుద్రున్. "అందుకే ఇంత మంటగా ఉంది."

ఆమె అతని వైపు చూడకుండా రోడ్డు మీదికి దిగి, ఎర్ర కోటు వెనకాలే నడిచింది. కొంత దూరం పోయాక అందుకుని, ఏమీ అనకుండా పక్కన నడిచింది. దెర్యా కూడా ఏమీ అనలేదు. ఆ పిల్ల తనను క్షమించిందో లేదో గుద్రున్ అడగలేదు. క్షమించమని అడగవలసిన తప్పు తను ఇవాళ చేయలేదని ఆమెకు తెలుసు, చేయవలసిన పని ఇన్నేళ్ళూ చేయలేదనీ తెలుసు. వెనక నుంచి అన్న ఆమెను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. వంతెన మధ్యకు వచ్చేసరికి ఆ పిలుపు వినపడకుండా పోయింది. కోపం మాత్రం పోలేదు. పోకూడదని గట్టిగా అనుకుంటూ, దాన్ని కాపాడుకుంటూ, ఆమె అవతలి ఒడ్డుకు నడిచింది.